నేటి సాయంకాల కార్యక్రమములు : ప్రకటనవాక్య పరిశీలనము

మన విశ్వవిద్యాలయములలో ఆధునిక వాఙ్మయ ప్రక్రియలను గూర్చి జరిగిన పరిశోధన మల్పమైనది కాదు. కథానిక, నవల, ఏకాంకిక, రేడియో నాటకము, పత్రికా సంపాదకీయము, తుదకు సినిమా పాట వఱకును సిద్ధాంతవ్యాసములకు విషయములైనవి. కాని దాదాపు అర్ధశతాబ్దిగా తెలుగు లోగిళ్లలో సాయంవేళ వినబడుచు వచ్చిన యొక గద్యరూపమును మాత్రము విమర్శకులు పట్టించుకొన్నట్లు కనబడదు. అది దూరదర్శన్ వారి కార్యక్రమ ప్రకటన. ఆ సాయంకాలము రానున్న కార్యక్రమము లేవియో, ఏది యే వేళకు వచ్చునో ప్రేక్షకులకు ముందుగా తెలియజేయు నాలుగైదు వాక్యముల సముదాయ మది. అదియు నొక వాఙ్మయమేనా యని యడుగువా రుందురు. శాసనములు వాఙ్మయమేనా యని యడిగినవారును ఒకప్పు డుండిరి. నేడు తెలుగు గద్యచరిత్రమును మనము శాసనములనుండియే యారంభించుచున్నాము.

ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన దొక్కటే. కార్యక్రమ ప్రకటన ప్రధానముగా నొక వాగ్దానము. ఆ వాగ్దానవాక్యమున కర్త యెచ్చట కనబడును, ఎచ్చట మఱుగుపడును అను ప్రశ్నను వ్యాకరణదృష్టితో విచారించినచో, ప్రజల ధనముతో నడచు ప్రసారసంస్థకును ప్రేక్షకునకును గల సంబంధ మెట్లు మాఱుచు వచ్చినదో తేటపడును.

చరిత్రము క్లుప్తముగా చెప్పి ముందునకు సాగెదను. మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. తెలుగుపల్లెల కది తొలుత ఉపగ్రహ మార్గమున చేరినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వఱకు నడచిన ‘సైట్’ ప్రయోగమున ఆఱు రాష్ట్రములందలి 2400 గ్రామములకు కార్యక్రమము లందినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములు గలవు; ప్రసారభాషలలో తెలుగొకటి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణినుండి వేఱుపడినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది. తొలినాళ్ల ప్రసారము సాయంకాలపు కొన్ని గంటలకే పరిమితము. కనుకనే యా గంటల క్రమమును ముందుగా చెప్పుట కంతటి ప్రాధాన్య మేర్పడినది.

ప్రకటనకళ మాత్రము దూరదర్శన్ పుట్టించినది కాదు. అది ఆకాశవాణి సొత్తు. 1938లో మద్రాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును వెలసిన నాటినుండి తెలుగు ప్రకటనవాక్యము నోళ్లలో నలిగి నునుపెక్కినది. ఆకాశవాణి వారి ‘వాణి’ పత్రిక రానున్న కార్యక్రమముల పట్టికను తెలుగున నచ్చువేసి శ్రోతల కందించెడిది. ఆ యచ్చుపట్టికలో క్రియాపద ముండదు; వేళ, దాని యెదుట కార్యక్రమము పేరు, అంతే. తెలుగున ‘అతడు మా అన్న’ అను నామవాక్యము క్రియ లేకయే సంపూర్ణమగును గనుక, ‘7.00 వార్తలు’ అను పంక్తియు మన చెవికి కొఱతపడిన వాక్యముగా తోపదు. ప్రకటనకర్త దానిని నోట పలుకవలసి వచ్చినపుడే క్రియ యవసరమగును. క్రియ వచ్చినతోడనే కర్త యెవ్వ రను ప్రశ్నయు వచ్చును.

రేడియో ప్రకటనకర్త కంఠమాత్రుడు. దూరదర్శన్ ప్రకటనకర్త్రికి ముఖము గలదు. నా బాల్యమున మా వీథి కంతటికి నొకే యింట టెలివిజను పెట్టె యుండెడిది. సాయంకాలము తెరపై ప్రకటనకర్త్రి కనబడి నమస్కారము చెప్పగానే మా నాయనమ్మ తానును చేతులు జోడించి, ‘నమస్కారం తల్లీ’ అని బదులు చెప్పెడిది. పిల్లలము నవ్వెడివారము. ఇప్పుడు తలచికొన్నచో, ఆ ప్రకటనను సరిగా గ్రహించినది మా నాయనమ్మయే యనిపించుచున్నది. ఎదుటి మనిషి మాట యిచ్చుచున్నది. ఆ మాటను పుచ్చుకొనుచున్నాను అని ఆమె భావము. ప్రకటనకర్త్రి చేతిలోని కాగితము వంక తల వంచి చూచి, మరల తల యెత్తి చెప్పుటయు నాకు బాగుగా జ్ఞప్తి యున్నది. 1983 నవంబరు 14న హైదరాబాదు కేంద్రమునుండి తొలి తెలుగు వార్తలను చదివిన శాంతిస్వరూప్ గారు, టెలిప్రాంప్టరు లేని యా దినములలో వార్తాపాఠమును ధారణ చేసి చెప్పెడివారని ప్రసిద్ధి. వార్తాహరునకు ధారణ శోభ. ప్రకటనకర్త్రికి కాగితము చూచుటయే శోభ యని నా యభిప్రాయము. ఇది నా సొంత మాట కాదు, ముందుగా నిర్ణయమైన క్రమమిది యని యా చూపు చెప్పకయే చెప్పును.

ఈ ప్రక్రియకు మన సాహిత్యమున పూర్వరూపములు లేకపోలేదు. సంస్కృత నాటకమున నాంది ముగిసిన పిదప సూత్రధారుడు ప్రవేశించి, నేడు ప్రదర్శింపబోవు రూపక మేదియో, దాని కర్త యెవ్వరో చెప్పి సభ్యుల నున్ముఖులను గావించును. ఇట్టి ప్రస్తావన లన్నిటిలో అభిజ్ఞాన శాకుంతలము నందలిది మనకు మిక్కిలి యుపయోగించును. అందు సూత్రధారుడు కాళిదాసు రచించిన నూతన నాటకము నాడెదమని మొదటనే ప్రకటించును. పిమ్మట నటి గ్రీష్మ ఋతువును గూర్చి పాడును. ఆ పాటకు సొక్కిన సూత్రధారుడు తా నాడవలసిన నాటక మేదియో మఱచి, దేనిని ప్రదర్శింతమని యామెనే యడుగును. ఆమె గుర్తు చేయును. అతడు తన మఱపును సభయెదుట నొప్పుకొనును. దుష్యంతుని మఱపునకు ఇది సూచన యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ మాట నిజమే. ప్రకటనశాస్త్రము దృష్ట్యా చూచినచో అందు మఱియొకటి గలదు. మాట యిచ్చుట, ఆ మాట తప్పబోవుట, తప్పితినని యొప్పుకొనుట, ఈ మూడును ఆ చిన్న ప్రస్తావనలోనే యిమిడియున్నవి.

తెలుగున రాత్రికథల కావ్యములును ఇట స్మరింపదగినవి. హంసవింశతిలో హంస ప్రతి రాత్రియు నొక కథ చెప్పి హేమవతిని గడప దాటనీయదు. శుకసప్తతిలో చిలుక చేయు పనియు నదియే. వినువారిని నిలిపియుంచున దచట కథ యొక్కటియే కాదు. రేపును కథ గలదను నమ్మకము. హంసవింశతి కర్త అయ్యలరాజు నారాయణామాత్యుడు పట్టికలు గ్రుచ్చుటయందును ప్రీతి గలవాడు. ఆటల పేర్లు, వృత్తుల పేర్లు, పనిముట్ల పేర్లు వరుసగా చెప్పుచు పోవును. ఆ పట్టికల సొగసు సమృద్ధి వలన గలిగినది. ఎంత యెక్కువైన నంత యింపు. సాయంకాల కార్యక్రమ పట్టిక సొగసు దీనికి విపరీతము. అది మితి వలనను, క్రమము వలనను గలిగినది. వ్యవసాయ కార్యక్రమము, తరువాత వార్తలు, శుక్రవార మైనచో చిత్రలహరి. ముందటిది ముగియనిదే వెనుకటిది రాదు. ‘కార్యక్రమము’ అను మాటలో మనము కార్యమునే చూచుచుందుము గాని, ఆ దినములలో క్రమమే ప్రధానము. చిత్రలహరి పాటలకొఱకు వచ్చి కూర్చుండిన బాలుడు విత్తనశుద్ధిని గూర్చియు నాలుగు మాటలు విని లేచెడివాడు.

ఇక వాక్యమును పరీక్షింతము. మాదిరికి ‘ఏడు గంటలకు వార్తలు ప్రసారమవుతాయి’ అను వాక్యమును గైకొందము. బాలవ్యాకరణమున చిన్నయసూరి వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మమును వేఱుగా పేర్కొనెను. ‘వండగలడు’ భవిష్యత్తు, ‘వండును’ తద్ధర్మము. తద్ధర్మము కాలవిశేషమునకు కట్టుబడక క్రియయొక్క స్వభావమును, అలవాటును దెలుపును. వ్యవహారభాషలో నీ రెండును ఒకే రూపమున కలిసిపోయినవి. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అను నపుడును, ‘మా తమ్ముడు రేపు వస్తాడు’ అను నపుడును ప్రత్యయ మొక్కటియే. మొదటిది నియమము, రెండవది ఎదురుచూపు. ‘ప్రసారమవుతాయి’ అనునది యీ రెండింటికిని నడుమ నిలుచును. నేటి సాయంకాల మేడింటికి వార్తలు వచ్చును అను భవిష్యత్తును అందే గలదు. ప్రతి సాయంకాలము నేడింటికి వార్తలు వచ్చుట మా ధర్మము అను తద్ధర్మమును అందే గలదు. ఇతర భాషలలో రెండు వాక్యములు కావలసిన చోట తెలుగుప్రకటన యొక్క క్రియతో పని జరుపుకొన్నది. ఈ రూపము నెన్నుకొన్న వారు వ్యాకరణ మాలోచించి యెన్నుకొని యుండరు. చెవి యెన్నుకొన్నది.

దీనికి బదులు ‘ప్రసారం కాగలదు’ అను రూపమును గూడ ప్రకటనలలో విందుము. ఇది సూరి చెప్పిన భవిష్యద్రూపమే యైనను, నేటి చెవికి ‘కాగలదు’ అనగా శక్యార్థము స్ఫురించును; వచ్చినను రావచ్చును, రాకపోయినను పోవచ్చును అను సందేహము తోచును. గ్రాంథికము నందు శుద్ధమైన రూపము వ్యవహారమున వాగ్దానమును బలహీనపఱచిన యుదాహరణ మిది. ‘ప్రసారం చేయబడుతుంది’ అను కర్మణిరూపము మఱియు కృత్రిమము. పల్లెటూరి ముసలమ్మ ‘అన్నం వండబడింది’ అనదు. ఆంగ్లప్రతిని ముందుంచుకొని యనువదించిన గుమాస్తా చేతి గుర్తు ఆ ‘బడు’లో నున్నది.

ఈ మూడు రూపములకు నొక సామ్యము గలదు. ఎచటను కర్త లేడు. వార్తలు ప్రసారమగును, చలనచిత్రము ప్రసారమగును. ప్రసారము చేయువా రెవ్వరో వాక్యము చెప్పదు. ఇందులకు ఆకాశవాణి వార్తల ప్రారంభవాక్యముతో పోలిక చూడుడు. ‘వార్తలు చదువుతున్నది’ అని చెప్పి, వెంటనే చదువరి తన పేరు పలుకును. క్రియాజన్య నామమును ముందుంచి, కర్తను వాక్యాంతమున నిలిపిన యా కూర్పు అచ్చమైన తెలుగు కూర్పు. వార్తకు పూచీదారు డొక డున్నాడు. కార్యక్రమ ప్రకటనకు మాత్రము పూచీదారు పేరు లేదు. సూర్యోదయము వలె సాయంకాల కార్యక్రమమును దానంతట నదియే జరుగును.

మఱి యా సంస్థ తన నోట ‘మేము’ అను నర్థమును ధరించి పలికిన దెప్పుడు? ప్రసారము తెగిపోయినపుడు. తెరపై చిత్రము చెదరి, గీతలు పాఱి, పిమ్మట నొక నిశ్చలఫలక మగపడును. దానిపై ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని యుండును. సాయంకాల మంతయు ప్రథమపురుషమున కర్తృరహితముగా సాగిన భాష యీ యొక్క వాక్యమున ఉత్తమపురుష బహువచనము నొందినది. సర్వనామము కానరాదు; క్రియాంతమున నున్న ‘ము’ చాలును. ఆ ‘ము’ ‘మనము’ కాదు. అంతరాయమునకు ప్రేక్షకుడు బాధ్యుడు కాడు గనుక అది ‘మేము’ మాత్రమే. జయము కలిగినపుడు కర్త మఱుగున నుండి, వైఫల్యము కలిగినపుడు మాత్రము ముందునకు వచ్చి నిలుచుట! ఇంతటి మర్యాద గల వాక్యక్రమమును నేటి ప్రభుత్వ గద్యమున వెదకినను దొరకదు. ఆ ఫలకమును జూచి నవ్వుకొన్న తరము మాది. దానిపై హాస్యము లెన్నో పుట్టినవి. నవ్వు నవ్వే, మర్యాద మర్యాదయే. శాకుంతల సూత్రధారుని యొప్పుకోలునకు దూరపు చుట్టముగా నేనా ఫలకమును లెక్కించుచున్నాను.

ఇచట నొక యాక్షేపమునకు బదులు చెప్పవలసియున్నది. వేఱొక ప్రసారసంస్థ లేని దినములలో మాట నిలుపుకొనుట యేమంత ఘనకార్య మని యందురు. ఏకచ్ఛత్రముగా నున్న సంస్థకు మాట నిలుపుకొనవలసిన యగత్యమే లేదు, క్షమార్పణ చెప్పవలసిన యగత్యము అంతకన్నను లేదు; ఐనను చెప్పినది. అందుచేతనే యది గుర్తింపదగినది. అట్లని ఆ పాత ప్రకటనను నిర్దోష మనుట లేదు. ‘అనివార్య కారణాల వల్ల’ అను సమాసము దాని పెద్ద దోషము. కారణము చెప్పక కారణమున్నదని మాత్రము చెప్పు నా పదబంధము వెనుక నెన్నియో దాగినవి. ఏది ప్రసారమగునో ప్రకటన చెప్పెడిది. ఏది ప్రసారము కాకుండ నాపబడినదో యెన్నడు చెప్పలేదు. జాతీయ సంతాపదినములలో ముందు ప్రకటించిన పాటలును వినోదములును ఆగిపోయి, వాద్యసంగీతము మాత్రమే వినబడుచుండగా, ప్రకటించినది రాకపోవుటయే వార్త యని జను లూహించుకొనెడివారు. ప్రేక్షకుల యుత్తరములకు బదులు చెప్పు ‘జాబులు జవాబులు’ ఆ లోటును కొంత తీర్చినది. ప్రకటన ఒక దిక్కునకే సాగు వాక్కు. జాబు దానికి ప్రతివాక్కు. ప్రకటించిన కార్యక్రమ మేల రాలేదని పోస్టుకార్డు వ్రాసి యడుగుటకు ప్రేక్షకునకు హక్కు గలదని ఆ కార్యక్రమ మంగీకరించినది.

మఱియొక లోపము భాషాసంబంధి. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమము మొదలైన పిమ్మట మన సాయంకాలము రెండుగా చీలినది. ముందటి భాగము తెలుగు. వెనుకటి భాగము ఢిల్లీది. సరిహద్దునొద్ద తెలుగు ప్రకటనకర్త్రి సెలవు తీసికొనును, హిందీ ప్రకటన యందుకొనును. హిందీ ధారావాహికల పేర్లను తెలుగున చెప్పుటలో ఆమె పడిన యిబ్బందిని విమర్శకుడు సానుభూతితో చూడవలెను. సంస్థ పేరే యా యిబ్బందికి మొదటి సాక్షి. ‘ఆకాశవాణి’ తెలుగున నిసర్గముగా నిలిచినది. ‘దూరదర్శన్’ పొల్లునకారముతో హిందీ యుచ్చారణను వెంటబెట్టుకొని వచ్చినది. ‘దూరదర్శనము’ అని యెవ్వరును అనలేదు; అనిన నది జ్యోతిషమునకు సంబంధించిన మాట వలె ధ్వనించును. ఈ పొల్లు చిన్నదే గాని, ఆ ప్రకటనలలోని తెలుగు ఎంతవఱకు స్వతంత్రమో తెలియుటకు గురుతు వంటిది.

తరువాతి మార్పు తొంబదులలో వచ్చినది. ప్రైవేటు ఛానళ్లు పెక్కు వెలసినవి. ప్రసారభారతి 1997 నవంబరు 23న ఏర్పడినది. రాష్ట్రవిభజనము (2014) తరువాత హైదరాబాదునకు యాదగిరి యనియు, విజయవాడకు సప్తగిరి యనియు పేర్లు స్థిరపడినవి. ఈ కాలమున ప్రకటనకర్త్రి క్రమముగా వెనుకకు తగ్గినది. ఆమె స్థానమును ప్రోమో యాక్రమించినది. ప్రోమో వంశము వేఱు. ప్రకటన ప్రస్తావనకు సంతతి. ప్రోమో టూరింగు టాకీసు బండిపై మైకుతో ఊరూర తిరిగిన చాటింపునకు సంతతి. ఆ చాటింపునకును దాని సొగసు గలదు. నే నా బండి వెంట పరుగెత్తినవాడనే. కాని దాని క్రియలను జూడుడు. ‘తప్పక చూడండి’, ‘మిస్ కావద్దు’. ఇవి విధ్యర్థకములు. ఇదివఱకు సంస్థకు కర్తవ్యముండెడిది. ఇప్పు డది ప్రేక్షకునకు బదిలీయైనది. కర్తయు ముందునకు వచ్చినాడు: ‘మీ ముందుకు తెస్తున్నాం’. మునుపు అంతరాయవేళకు దాచియుంచిన యుత్తమపురుషము నేడు ప్రగల్భమునకు వినియోగ మగుచున్నది. ప్రకటించినది రానినాడు మాత్ర మా ‘మేము’ మాయమగును. క్షమాపణఫలక మిప్పుడు కానరాదు. ఎడమున నొక వ్యాపారప్రకటన వచ్చి పూడ్చును.

పోటీ సంస్థలు దీనిని చేసినచో వాణిజ్య మనుకొందుము. ప్రజాప్రసారసంస్థయు వారి క్రియాపదములనే యెరువు తెచ్చుకొనుట నాకు కష్టము గలిగించు విషయము. ధనము ప్రజలది యైనపుడు ప్రకటన వాగ్దానమే కావలెను గాని పిలుపు కారాదు. పరిస్థితు లింకను మాఱుచున్నవి. 2024 నవంబరులో ప్రసారభారతి ‘వేవ్స్’ అను అంతర్జాల వేదికను ప్రారంభించినది. అట్టి వేదికపై నిలువయున్న కార్యక్రమమును ప్రేక్షకుడు తనకు వీలైన వేళ చూచుకొనును. సౌకర్యము గొప్పదే. అచట సాయంకాలము లేదు, క్రమము లేదు; ‘ప్రసారమవుతుంది’ అనవలసిన పనియు లేదు. ‘చూడవచ్చు’ అను నొక్క క్రియయే మిగులును. తద్ధర్మమును, భవిష్యత్తును జోడించి మన భాష కట్టుకొన్న ముడి యచట విడిపోవుచున్నది. సెట్‌టాప్ పెట్టెలలో కనబడు కార్యక్రమ సూచికలో తెలుగు కార్యక్రమముల పేర్లు తఱచుగా ఆంగ్లలిపిలో నుండుట వేఱొక చింత. ‘వాణి’ యచ్చువేసిన పట్టిక కంటె నీ విషయమున మనము వెనుకబడినట్లే.

పరిశోధక విద్యార్థులకు ఆకర సామగ్రిని గూర్చి ఒకటి రెండు మాటలు. ప్రకటనపాఠములను గ్రంథములలో వెదకి ప్రయోజనము లేదు. అవి ఏనాటి కానాడు వ్రాసి చదివిన కాగితములు. ‘వాణి’ సంచికలు, దినపత్రికలలోని నేటి కార్యక్రమముల శీర్షికలు వ్రాతరూపమునకు ఆధారములు. నోటిరూపమునకు ఎనుబదులలో కొందఱిండ్లలో క్యాసెట్లపై నెక్కించుకొన్న ముద్రణములు పనికివచ్చును. చిత్రలహరిని పట్టుకొనబోయి ముందున్న ప్రకటనను గూడ పట్టుకొన్న వారుందురు. టేపునకు బూజు పట్టకమున్నే వానిని సేకరింపవలెను. నాటి ప్రకటనకర్తలు పలువురు మన నడుమనే యున్నారు. వారిని కలిసి, తమ వాక్యములను తామే కూర్చుకొనిరా, లేక పాఠము వ్రాసి యిచ్చినవారు వేఱుగా నుండిరా యను సంగతిని ముందుగా నడుగవలెను. కర్తృత్వ విచారమంతయు దానిపై నాధారపడియున్నది.

ప్రత్యేకముగా సేకరింపవలసినది రాత్రి ముగింపువాక్యము. ‘రేపు సాయంత్రం తిరిగి కలుసుకుందాం’ అను మాదిరి వాక్యములలోని ‘కలుసుకుందాం’ అను రూపమునకు ‘మనము’ తప్ప ‘మేము’ కర్తగా పొసగదు. పట్టిక చదువునపుడు కర్త లేడు. అంతరాయము కలిగినపుడు కర్త ‘మేము’. వీడ్కోలు వేళ కర్త ‘మనము’. ఈ మూడవ రూపము రేడియో నుండి సంక్రమించినదో, ముఖము కనబడుటతోడనే దూరదర్శన్‌లో పుట్టినదో పై సామగ్రి తేల్చవలెను. మా శాఖలో ఇద్దఱు విద్యార్థు లీ పనికి పూనుకొన్నారు. వారు సేకరించిన పాఠములు వచ్చు సంచికలో నచ్చగును.